బల్లకు ముందు ప్రశ్న

పొద్దున్నే ఉడికించిన నల్లద్రాక్షను గుడ్డలో వేసి పిండుతున్నాను. ఆళ్లగడ్డలోని మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, పాపాలు క్షమించే యేసు పేరున అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. ఆ రసం తీయడం, రొట్టె కాల్చడం, బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేయడం సంఘపెద్ద భార్యగా నా సేవ. నేను కాల్చిన రొట్టెను పళ్లెంలో పెట్టుకుని గంభీరంగా పంచడం మా ఆయన అజయ్ కుమార్ సేవ.

నిన్న నంద్యాలలో నేను పాఠాలు చెప్పే బడిలో మీటింగు. బస్సు తప్పిపోయి, ఇల్లు చేరేసరికి చీకటి పడింది. వంట కాలేదని, ఇంటికొచ్చిన తన చెల్లెలి ఎదుటే ఆయన నన్ను చెంప మీద కొట్టాడు. దెబ్బ కన్నా ఆ పిల్ల చూడనట్టు తల తిప్పుకోవడమే ఎక్కువ బాధించింది.

మా అత్త జీవమ్మ నా చెంపకు తడిగుడ్డ అద్దుతూ, "ఏడవాకు. రేపెట్లా బల్ల ఉంది గదా, అన్నీ కడుక్కుపోతాయిలే" అంది.

ఆ మాట దగ్గర నా ఏడుపు ఆగిపోయింది. పోయిన నెల ఆయన కూరగిన్నె విసిరింది కూడా బల్లకు ముందురోజే. మిగతా వారాల్లో పళ్లు కొరుక్కుని ఊరుకునే మనిషి, ఆ శనివారం మాత్రం ఊరుకోడు. తెల్లారితే పాటలు పాడుకుంటూ స్నానం చేస్తాడు. ఒకసారి ఇదేమిటని అడిగితే, "ప్రభువే మర్చిపోతాడు, నీకేం పోయేకాలం?" అని నవ్వాడు. దేవుడి మంచితనాన్ని ఇంత నిశ్చింతగా వాడుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పళ్లెం పట్టే సంఘపెద్ద భార్యను పాస్టరు గురుస్వామి అయ్యగారు అందరి ముందూ అడుగుతారు, "ఇంట్లో సమాధానమేనా అమ్మా?" అని. సమాధానమంటే మా చర్చి మాటల్లో శాంతి. ఆమె సమాధానమే అంటేనే భర్త చేతికి పళ్లెం ఇస్తారు. నేనెప్పుడూ ఆ మాట ఆమేన్ అన్నంత సులువుగా అనేసేదాన్ని.

చర్చి గేటు దగ్గర మా ఆయన నా వైపు చూశాడు. "ఏందట్లుండావ్? మొగం బాగా పెట్టుకో. అయ్యగారు అడుగుతాడు" అన్నాడు. తప్పయిపోయిందని ఒక్క మాట అని ఉంటే నా మనసు ఎటు పోయేదో. అనలేదు.

పాట అయిపోయింది. మా ఆయన తెల్లచొక్కాలో బల్ల పక్కన నిలబడ్డాడు.

"కీర్తనమ్మా, ఇంట్లో సమాధానమేనా?"

లేచి నిలబడ్డాను. "లేదయ్యగారూ."

పళ్లెం కోసం చాచిన మా ఆయన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. అయ్యగారు గొంతు తగ్గించి బతిమాలినట్టు అన్నారు, "ఇప్పుడైనా సమాధానపడొచ్చు గదమ్మా. దేవుని కృప శానా గొప్పది."

"గొప్పదే అయ్యగారూ" అన్నాను. "దాన్ని నమ్ముకొనే నిన్న నన్ను కొట్టినాడు."