వీపు వెనక చోటు

నేను ఒక బంతిని. మర్యాదగా పిలవాలంటే వాలీబాల్‌ని. దెబ్బలు తినడానికే పుట్టాను కనుక నా మీద జాలిపడకండి. దెబ్బ పడని రోజే నాకు తోచదు. జలంధర్‌లో ఒకావిడ ఇంటి పనులన్నీ ముగించుకుని, ఉస్సురంటూ కూర్చుని నన్ను కుట్టింది. లారీలెక్కి, శ్రీకాకుళంలో ఒక కొట్లో దుమ్ము కొట్టుకుని వేలాడి, చివరికి సముద్రపు ఒడ్డున ఒక చేపలవాళ్ల ఊరి జట్టు చేతిలో పడ్డాను.

మనుషులకు చప్పుడంటే ఇష్టం. నన్ను ఫెడీమని కొట్టినవాడికే ఈలలు వేస్తారు. అంతకుముందు నన్ను వేళ్ల కొసలతో అందుకుని, కొట్టేవాడికి వీలుగా పైకి లేపినవాడొకడు ఉంటాడు. లిఫ్టర్ అంటారు. వాడి ఊసే ఎవరికీ పట్టదు. మా జట్టులో ఆ పని దానేసుది. కెప్టెన్ కూడా అతడే. కొట్టేవాడు బైరాగి, దానేసు అక్క కొర్లమ్మ మొగుడు. దానేసు తల కూడా తిప్పకుండా నన్ను వీపు వెనక్కి లేపేవాడు. బైరాగి అక్కడ ఉండేవాడు. ఎప్పుడూ ఉండేవాడు. బావాబామ్మర్దులు ఇంట్లో చేపల పులుసు దగ్గర కొట్టుకు చచ్చేవాళ్లు గానీ, ఆటలో వాళ్లకు ఒక్క మాట అవసరమయ్యేది కాదు.

ఒక ఏడు, వేటకెళ్లిన బైరాగి తిరిగి రాలేదు. పడవ వచ్చింది, మనిషి రాలేదు. వారం తిరిగేసరికి, ఏటా జరిగే పోటీల్లో సెమీఫైనల్. దానేసు ఆడనన్నాడు. కొర్లమ్మే నన్ను ఇంట్లోంచి తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"మీ బావ ఏటేటా ఈ ఆటకాడే ఓడిపోయొచ్చి అన్నం ముట్టీవోడు కాదు. ఎల్లు. ఈసారి గెలిసి రా. ఏడుపెక్కడికి పోద్ది, ఇంట్లోనే ఉంటాది," అంది.

ఇక ఆ ఆట గెలవడం దానేసుకు సరదా కాదు, అక్క నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క కోరిక.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పోయినవాడు పడవలో కూర్చునే చోట, పదకొండో నాటి పెద్దదినం అయ్యేదాకా మరొకరు కూర్చోరు. ఆ పద్ధతి పడవతో ఆగితే బాగుండేది. మావాళ్లు దాన్ని ఆటలోకీ తెచ్చారు. బైరాగి బదులు దిగినవాడు కూడా దానేసు వీపు వెనకకు రాలేదు. దానేసు చేతులకేమో ఆ చోటు తప్ప మరొకటి తెలియదు. అతను నన్ను వెనక్కి లేపడం, నేను ఖాళీ ఇసుకలో దబ్బున పడటం. పట్నం జట్టు కుర్రాళ్లు నవ్వారు. వాళ్లనేం అనగలం, వాళ్లకు తెలియదు. రెండు సెట్లు అలాగే పోయాయి. ఇంకొకటి పోతే మూటాముల్లె సర్దుకోవడమే.

దానేసు అందర్నీ దగ్గరకు పిలిచాడు. నన్ను కడుపుకు ఆనించి పట్టుకున్నాడు.

"నా సేతులు బావకాడికే ఎల్తన్నాయిరా. నాను ఆపలేకపోతన్నాను. ఆ సోటుకి మీరే రండి."

"పెద్దదినం అవనేదు కదా దానేసూ, ఆ సోట్లో ఎలా నిలబడతాం?" అన్నాడు జట్టులో అందరికంటే పెద్దవాడైన ఎల్లాజీ.

"నిలబడొద్దు బాబాయ్. ఒకడు నిలబడితే అది ఆడి సోటైపోద్ది. పరిగెత్తుకొచ్చి కొట్టీసి ఎల్లిపోండి. తర్వాత ఇంకొకడు. ఎవుడిదీ కాకండా, అందరం."

ఎల్లాజీ ముఖం తుడుచుకుని తల ఊపాడు.

ఆ తర్వాత నా ఒళ్లు హూనమైంది. పొట్టివాడొచ్చాడు, ఎన్నడూ కొట్టి ఎరగనివాడొచ్చాడు, అడ్డదిడ్డంగా వచ్చి ఒకడినొకడు గుద్దుకున్నారు కూడా. ఎవడొస్తాడో మాకే తెలియకపోతే పట్నంవాళ్లకేం తెలుస్తుంది! మూడోది గెలిచాం, నాలుగోది గెలిచాం. ఐదో సెట్టులో చివరి దెబ్బ ఎల్లాజీది. పట్టేసిన మోకాళ్లతో ఎలా ఎగిరాడో ఆయనకే తెలియదు. జనం దానేసును భుజాలకెత్తుకోబోతే అతను నన్ను చంకలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తాడు.

"గెలిసినాం అప్పా," అన్నాడు అక్కతో.

"ఎవుడు కొట్టాడు?"

"అందరం. బావ సోటు కాడినుంచే."

కొర్లమ్మ నన్ను తీసుకుని మొహానికి అదుముకుంది. అన్నాళ్లూ ఆపుకున్నదంతా అప్పుడు బయటపడింది. నేను తడిసిపోయాను.

ఫైనల్లో ఓడిపోయాం. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు నా కుట్లు విడిపోయాయి, వలల పాకలో ఒక మూల పడున్నాను. నా ఆఖరి ఆట మరుసటి ఏడు ఒక సాయంత్రం, ఉత్త సరదా ఆట. అప్పటిదాకా దానేసు చేతులు వీపు వెనక్కే పోయేవి. ఎల్లాజీ ఎదర నిలబడ్డాడు. దానేసు నన్ను అందుకుని, ఆలోచించకుండా, ముందుకు లేపాడు. మెత్తగా, లెక్క తప్పకుండా, ఎల్లాజీ చేతికే.

"అద్గదీ! ఇన్నాళ్లకి కుదిరింది కెప్టెనూ!" అంటూ అందరూ చప్పట్లు కొట్టారు.

దానేసు మాత్రం తన రెండు అరచేతుల వంకా చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఎవరూ లేని ఆ ఇసుకను చూశాడు.

"ఇయ్యాల పోనాడురా మా బావ," అంటూ అక్కడే కూలబడ్డాడు.