నల్లపూల పిలక

భస్మ బుధవారం ఇంకా రెండు రోజులుందనగా, మార్జరీ ప్రాబర్ట్ మోకాళ్ళ కింద గోనెపట్టా పరచుకుని, పెరటి గోడ నీడన ఉన్న హెల్లెబోర్ల మడి ముందు కూర్చున్నది. హెరెఫర్డ్‌షైర్‌లోని ఆ ఊరివారు, భస్మ బుధవారంతో మొదలై ఈస్టరు దాకా సాగే ఉపవాసకాలం పేరుతో, వాటిని శ్రమకాలపు గులాబీలంటారు. చలి వదలకముందే పూసి, పశ్చాత్తాపపడినట్లు తలలు వాల్చి నిలిచే పూలవి.

మడి నడుమనున్న దుబ్బు ఆమె భర్త ఆబ్రీ సృష్టి. ఒక పువ్వు పుప్పొడిని కుంచెతో మరొక పువ్వుకు అంటించి, గింజలు నాటి, నాలుగేళ్ళు వేచి, మొలిచిన అరవై మొక్కలలో ఒక్కదానిని ఉంచుకుని తక్కినవన్నీ పీకివేశాడు. పండిన నల్లద్రాక్ష రంగు రేకులు, అంచున తేనెరంగు గీత. దాని గింజలు నాటితే తల్లి పోలిక రాదు. వేరుతో సహా కోసిన పిలక ఒక్కటే ఆ పువ్వును మరొక నేలకు మోయగలదు. ఆ పిలకను మార్జరీ ఎవరికీ ఇచ్చి ఎరుగదు.

శ్రమకాలమంతా ఊరి క్రైస్తవ గుడి బలిపీఠం మీద పూలుండవు. మొదటి ఆదివారం మాత్రం, ఊరి స్త్రీలు ఈ వాలుతలల పూలను తుంచి, గుడి ముందరి కప్పున్న వాకిట్లో మట్టిపళ్ళెంలోని నీటిపై వెల్లకిలా తేలవేస్తారు. పళ్ళెం నడుమ చోటు ఆబ్రీ పువ్వుది. అతడు గతించి పదకొండేళ్ళయినా ఆ చోటు మారలేదు.

ఆ సోమవారం దుబ్బు లేత ఆకులు ముడుచుకుపోయి, ఈనెల వెంట నల్లని చారలు కనిపించాయి. మొగ్గలు విచ్చకుండానే మాడిపోయాయి. పక్కింటి డెరిక్ బెవన్‌ను పిలిచింది. అతడు గోడ దిగివచ్చి, ఆకును తిప్పి చూసి, చేతులు వెనక్కు తీసుకున్నాడు.

"నల్లతెగులు, మార్జరీ గారూ. మందు లేదు. మడి మొత్తం తవ్వి తగలబెట్టాల్సిందే. పేనుబంక మోసుకుపోయిందంటే మా పెరడూ ఆఖరు."

"మంచు దెబ్బేమో?"

"మంచు దెబ్బ ఈనెలు చూసుకుని మరీ తగుల్తుందా? పన్నెండేళ్ళ బట్టి ఒక్క పిలక ఇవ్వండి మహాతల్లీ అని అడుగుతున్నా. ఇచ్చి ఉంటే ఇవాళ తిరిగిచ్చేవాణ్ణి. ఇప్పుడు నాకు మిగిలేది బూడిదేగా!"

మంగళవారం మార్జరీ తానే తవ్వింది. పచ్చివేళ్ళు చాలాసేపు పొగచిమ్మి గాని అంటుకోలేదు. మంట చూస్తూండగా ఆమెకు ఎనిడ్ గుర్తుకు వచ్చింది.

ఎనిడ్ ఆబ్రీకి చెల్లెలు. ఆబ్రీ ఆసుపత్రిలో ఉన్న సెప్టెంబరులో, ఒకనాడు మార్జరీ ఇంటికి వచ్చేసరికి దుబ్బులో మూడోవంతు ఎవరో పారతో కోసుకుపోయారు. ఆ వారమే ఆబ్రీ కన్నుమూశాడు. వసంతానికి ఎనిడ్ పెరట్లో నల్లపూలు కనిపించాయి. ఆ ఆదివారం గుడి వాకిట్లో, ఊరందరూ వింటూండగా, మార్జరీ ఆడపడుచును దొంగ అన్నది. నాటినుండి ఇద్దరికీ మాటలు లేవు.

దొంగిలించినదైతేనేమి, ఆబ్రీ పువ్వు లోకంలో ఇంకొకచోట బతికి ఉన్నది.

బుధవారం గుడిలో గురువు ఆమె నుదుట బూడిదతో సిలువ గీసి, నీవు మట్టివేనని గుర్తుచేశాడు. ఆ గుర్తుతోనే మార్జరీ, వేళ్ళు ఎండకుండా చుట్టడానికి తడిపిన గోనెగుడ్డ బుట్టలో పెట్టుకుని, ఊరి చివర ఎనిడ్ ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన ఎనిడ్ నుదుటా అదే బూడిద.

"ఏం కావాలండీ?" అన్నది. ఒకప్పుడు నోరారా వదినా అని పిలిచిన మనిషి.

"మా దుబ్బుకు తెగులొచ్చింది ఎనిడ్. కాల్చేశాను. నీ దగ్గరున్నదాంట్లో ఒక్క పిలక ఇవ్వు. తప్పయిందని అందరి ముందూ చెబుతాను."

"ఏం తప్పో తెలుసా మీకు?"

మార్జరీ బుట్టను రెండో చేతికి మార్చుకున్నది.

"నేను దొంగిలించలేదు. ఆసుపత్రి మంచం మీదనుంచి అన్నయ్యే కోసుకెళ్ళమని నన్ను పంపాడు. 'ఒకే చోట ఉంటే ఎప్పుడో తెగులొచ్చి పోతుంది. మీ వదినకు చెప్పకు, ప్రాణం పోయినా ఒప్పుకోదు' అన్నాడు."

"మరి ఆ రోజు గుడి దగ్గరే చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పాలి? పెళ్ళాన్ని నమ్మక దాచిపెట్టాడనా? మట్టిలో పెట్టి ఆర్నెల్లయినా కాలేదు మా అన్నయ్యని. దొంగననిపించుకోవడమే నయమనుకున్నా."

మార్జరీ ఇంటి పక్కగా పెరటివైపు తొంగిచూసింది. "పెరట్లో ఎక్కడుంది, ఎనిడ్?"

"ఆ ఆదివారం గుడి నుంచి ఇంటికొచ్చి అదే రోజు పీకేశాను. మళ్ళీ చిగురించింది. కెటిల్‌తో మరిగే నీళ్ళు పోశాను. పొయ్యగానే ఏడ్చాను. ఇప్పుడక్కడ ఉల్లిపాయలు వేస్తున్నా."

వాకిట్లో చలిగాలి వీచింది. ఎనిడ్ చూపు బుట్టలోని గోనెగుడ్డ మీద ఆగింది. దాని నుండి నీటిచుక్కలు గడప మీద రాలుతున్నాయి.

"గుడ్డ కూడా తడిపి తెచ్చావే!" అన్నది. 'మీరు' జారిపోయింది గాని గొంతు కరగలేదు. "ఇస్తాననుకునే వచ్చావన్నమాట. నువ్వయితే ఇచ్చేదానివా, వదినా?"

మార్జరీ జవాబు చెప్పబోయి నోరు మూసుకున్నది. అబద్ధమాడే దినం కాదది. ఎనిడ్ మెల్లగా తలుపు వేసుకున్నది.

ఆదివారం స్త్రీలు పళ్ళెంలో తెల్లవీ, గులాబిరంగువీ, చుక్కలవీ తేలవేశారు. నడుమ చోటును, అలవాటు కొద్దీ, ఎవరూ ముట్టుకోలేదు. మార్జరీ వచ్చి పళ్ళెం దగ్గర ఆగింది. ఖాళీగా ఉన్న ఆ నీటిలో వాకిటి కప్పు దూలమూ, వంగిన తన మొహమూ కనిపించాయి.