ఖాళీదైనా సరే

నేను ఒక జోడు గొట్టాల తుపాకీని. తేదీలు గుర్తుపెట్టుకోవడం నా పని కాదు. అయినా ఒక్క తేదీ మాత్రం నా ఇనుములోకి దిగిపోయింది: ఏప్రిల్ ఇరవై రెండు. ఆ మధ్యాహ్నం పెళ్ళి విందులో ఓళిగలు, అంటే నేతి బొబ్బట్లు, చిత్రాన్నం, గుత్తివంకాయ కూర వడ్డించారు. నాదస్వరం వాయించే హుస్సేనప్ప కడుపునిండా తిని, ఇంకో ఓళిగ అడిగి వేయించుకుని, దాన్ని ఆకు ముక్కలో చుట్టి తన గుడ్డసంచిలో దాచుకున్నాడు. అది ఇంటి దగ్గరున్న భార్య కాశింబికి. సాయంత్రం పెళ్ళి ఊరేగింపులో, ఆ మెరవణిలోనే, ఆయన నావల్ల చనిపోయాడు.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాన, ఒక కార్ఖానాలో. టేకు చెక్క మడమ, నీలం పట్టిన ఉక్కు గొట్టాలు. గొట్టానికొక ట్రిగ్గరు. నన్ను కొన్న ఓబుళప్ప వేరుశనగ రైతు. అడవిపందులు రాత్రికి రాత్రే చేను దున్నిపోతుంటే లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, నన్ను తెచ్చుకున్నాడు. మంచెమీద కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకునేవాడు. ఎక్కువసార్లు గాల్లోకే పేల్చేవాడు. పందులు పారిపోతే చాలు ఆయనకు. తెల్లారాక తూటాలు తీసేసి, గొట్టాలు తుడిచి, గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టేవాడు. అప్పట్లో నేను పలుగు, పార లాంటిదాన్నే. ఆ బతుకే బాగుండింది.

ఆయన పోయాక కొడుకు విశ్వనాథం తన పేరున లైసెన్సు తెచ్చుకున్నాడు. చేను కౌలుకిచ్చాడు. పందుల సంగతి కౌలుదారు చూసుకున్నాడు. నాకు తోలు పట్టీ కుట్టించి, ఇత్తడి బొడిపెలు దిగ్గొట్టించాడు. అప్పటినుంచి నా ఉద్యోగం విశ్వనాథం భుజం. పెళ్ళికి పోయినా, పంచాయితీకి పోయినా, టీ తాగడానికి బస్టాండుకు పోయినా వెంట నేనుండాలి. నన్ను చూసి జనం పక్కకు తప్పుకునేవారు. వాళ్ళు తనకు దండం పెడుతున్నారనుకునేవాడు విశ్వనాథం. ఆ దండాలన్నీ నాకని నాకు తెలుసు.

అతనికొక పద్ధతి ఉండేది. శుభకార్యానికి పోయేటప్పుడు రెండు తూటాలు వేసుకునేవాడు. కుడి గొట్టంలోది పెళ్ళికొడుకు ఇంటి ముందు గాల్లోకి పేల్చేవాడు. ఎడమ గొట్టంలోది అట్లాగే ఉంచేవాడు. "ఒకటి ఆకాశానికి, ఒకటి మన మర్యాదకి" అని పక్కవాళ్ళతో అని నవ్వేవాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పేందుకు వాళ్ళ భుజాల మీద ఏమీ లేదు.

హుస్సేనప్ప ఒక్కడే నా గురించి ఆలోచించినవాడు. ఒక పెళ్ళిలో విశ్వనాథం నన్ను పందిరి గుంజకు ఆనించి భోజనానికి పోయాడు. చిన్నపిల్లలు చుట్టూ చేరి నన్ను తడుముతున్నారు. హుస్సేనప్ప వాయింపు ఆపి వచ్చి, తన భుజం మీది తువ్వాలు నామీద కప్పి, "పాము పండుకోనుండాది, దూరం పోండి నాయనా" అని వాళ్ళను పంపేశాడు. విశ్వనాథం తిరిగొచ్చేదాకా నా పక్కనే నిలబడ్డాడు. ఆ తువ్వాలు చల్లదనం ఇంకా నా ఒంటిమీద ఉన్నట్టే ఉంటుంది.

ఏప్రిల్ ఇరవై రెండున కుడి గొట్టం ఆకాశానికి పేలింది. జనం ఈలలు వేశారు. విశ్వనాథం నన్ను కిందికి దించి, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, ఎడమ ట్రిగ్గరు మీద వేలు ఉంచి తిరిగాడు. మెరవణి ముందు హుస్సేనప్ప వాయిస్తున్నాడు. పాట మధ్యలో తెగింది. అంతే.

కోర్టులో విశ్వనాథం తాను ఎప్పుడూ ఒకటే తూటా వేస్తానని చెప్పాడు. రెండోది ఎవరో తెలియకుండా వేసి ఉంటారన్నాడు. వాళ్ళ మనుషులంతా అవునన్నారు. నేరం రుజువు కాలేదని, అనుమానపు లాభం అతనికిచ్చి కేసు కొట్టేశారు. నన్ను కూడా తిరిగి అతనికే ఇచ్చేశారు. ఇంటికి పోగానే నా రెండు గొట్టాల్లోనూ చెరొక తూటా వేశాడు. అప్పుడు మొదలైంది నా పగ. పందిని చంపినందుకు నేనెన్నడూ బాధపడలేదు. ఇతని మర్యాద కోసం ఒక వాద్యగాణ్ణి చంపినందుకు మాత్రం, ఏదో ఒకనాడు ఇతను నా ఎడమ గొట్టం ముందు నిలబడాలని కోరుకున్నాను. ఎనిమిదేళ్ళు అదే కోరిక. ఏటా ఆయుధపూజకు నాకు కుంకుమ బొట్లు పెట్టి హారతి ఇస్తుంటే, అదే మొక్కుకునేదాన్ని.

ఆ తర్వాత ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. ఊరేగింపుల్లో, సభల్లో, పెళ్ళిళ్ళలో లైసెన్సు తుపాకీ అయినా బయటికి కనబడేట్టు మోయకూడదని. వెంటనే పెద్దమనుషులు పోగై, తూటాలు లేని ఖాళీ తుపాకీలకు మినహాయింపు ఇవ్వాలని పట్టుబట్టారు. ఆ ఒక్క సందు ఉంటే చాలు. దారిలో ఆపి, గొట్టాన్ని కీలు దగ్గర విరిచి లోపల తూటా ఉందేమో చూసే పోలీసు మా వైపు ఇంకా పుట్టలేదు. అభిప్రాయాలు వినడానికి శాసనసభ్యుల సంఘం జిల్లాకు వచ్చింది. దసరా వెళ్ళిన మూడోరోజు జిల్లా పరిషత్ మందిరంలో సమావేశం.

విశ్వనాథం నన్ను బొట్లతో, చామంతి దండతో భుజాన వేసుకుని పోయాడు. వాకిట్లో కానిస్టేబులు ఒక ముసలామె గుడ్డసంచి వెతుకుతున్నాడు. అందులో దొరికింది నాదస్వరం పీక ఒక్కటే. దాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు. విశ్వనాథాన్ని చూసి సెల్యూట్ కొట్టి పక్కకు జరిగాడు. ఆ ముసలామె కాశింబి. ఆ సంచి నాకు తెలుసు.

లోపల చర్చ బాగానే సాగింది. ఒక వకీలు లేచి, ఆయుధాల చట్టం ఢిల్లీ వాళ్ళది, ఈ సభకు దానితో పనేమిటన్నాడు. సంఘం అధ్యక్షురాలు వకుళాదేవి, తుపాకీ ఢిల్లీ చట్టానిదే కావచ్చు, ఊరేగింపు పోయే వీధి మనదే కదా అని ఆయన్ను కూర్చోబెట్టింది. విశ్వనాథం వంతు వచ్చింది. నన్ను ఎత్తి చూపించి, ఇది మగవాడి మెడలో గొలుసు లాంటిదన్నాడు. తలపాగా తీసేయమంటారా అని అడిగాడు. ముందు వరస చప్పట్లు కొట్టింది. ఇది ఇప్పుడు ఖాళీగా ఉందా అని అధ్యక్షురాలు అడిగితే, ఖాళీదే, మా నాయన మీద ఒట్టు అన్నాడు. దసరా నాడు కుడి గొట్టం పేల్చి, ఎడమది అట్లాగే ఉంచిన సంగతి అతనికీ నాకూ తెలుసు.

తరువాత కాశింబిని పిలిచారు. ఆమె గొంతు పెద్దది కాదు. ఓళిగ సంగతి చెప్పింది. ఆకులో చుట్టింది చుట్టినట్టే సంచిలో ఇంటికొచ్చిందని, దాన్ని తినలేక, పారేయలేక చీమలకు పెట్టానని చెప్పింది. ఆ తర్వాత అడిగింది.

"మేడం, ఆ తుపాకీ ఒకసారి నా చేతికి ఇప్పియ్యండి. మెళ్ళో గొలుసే అంటాండాడు గదా. నాకూ బాగుంటాదేమో చూస్తా."

ముందు వరసలో ఎవరో నవ్వారు. అధ్యక్షురాలు విశ్వనాథం వైపు చూసింది. అతనికి ఇవ్వక తప్పలేదు. ఇవ్వనంటే ఒట్టు పోతుంది. గొట్టం విరిచి తూటా తీయబోతే అందరిముందూ తీయాలి. ముసలిదానికేం తెలుసులే అనుకున్నట్టున్నాడు. ఇచ్చాడు.

ఆమె నన్ను రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకుని ముందు వరస పక్కగా మెల్లగా నడిచింది. చప్పట్లు కొట్టినవాళ్ళు తలలు వంచుకున్నారు. కుర్చీలు కిర్రుమని వెనక్కి జరిగాయి. తర్వాత విశ్వనాథం ఎదుట ఆగింది. ఎనిమిదేళ్ళ నా మొక్కు ఫలించింది. నా ఎడమ గొట్టం అతని చొక్కా మూడో గుండీని చూస్తోంది. ఒక్క నొక్కు. ఒక్కటంటే ఒక్కటి.

విశ్వనాథం మొదట నవ్వాడు. తర్వాత ఒక అడుగు పక్కకు వేశాడు. గొట్టం అతనితోపాటే తిరిగింది.

"ఖాళీదే కదా నాయనా, యాల జరుగుతావు?"

"పెద్దమ్మా, వద్దు. ఆ పక్క తిప్పు."

"ఏముండాది అందులో?"

అతను టేబులు చాటుకు కూలబడి, చేతులు అడ్డం పెట్టుకుని, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "ఎడమ దాంట్లో ఉండాది. ఉండాది పెద్దమ్మా."

అధ్యక్షురాలు కలం చేతిలోకి తీసుకుంది.

"కోర్టులో ఒకటే ఏస్తానంటివే" అంది కాశింబి.

అప్పుడు చూసుకున్నాను నేను. ఆమె వేలు ట్రిగ్గరుకు చాలా దూరంగా, చెక్క మీద చాచి ఉంది. మొదటినుంచీ అక్కడే ఉంది. ఆమె నన్ను అధ్యక్షురాలి టేబులు మీద, మొహం గోడవైపుకు పెట్టి, నిద్రపోయే బిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టింది. "ఇన్నేండ్లు మేం పడిన భయం ఈయప్ప ఒక్క నిమిషం పడినాడు. నాకు అది చాలు. మీరు రాసుకోండి మేడం" అని సంచి తీసుకుని కూర్చుంది.

నాకు చాలలేదు. దాచడం దేనికి, ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఎస్సై గొట్టాలు విరిచి ఎర్రటి తూటాను బయటికి తీసి టేబులు మీద నిలబెట్టినప్పుడు, నా నోట్లో ముద్ద లాగేసినట్టనిపించింది.

ఇప్పుడు నేను పోలీసు స్టేషను వెనక గదిలో, పట్టుబడిన సైకిళ్ళ మధ్య, ఒక గోడకు ఆనుకుని ఉన్నాను. దండ ఎప్పుడో ఎండి రాలింది. పక్కగది టీవీలో శాసనసభ చర్చ విన్నాను. ఒక సభ్యుడు భుజం మీది తుపాకీ తీసేస్తే మగవాడి దగ్గర ఏం మిగులుతుందని అడిగాడు. భుజం మిగులుతుంది, తువ్వాలు వేసుకోవచ్చు అంది వకుళాదేవి. సభ నవ్వింది. బిల్లు నెగ్గింది. అందులో కొత్తగా రెండు మాటలు చేరాయి: ఖాళీదైనా సరే. విశ్వనాథం లైసెన్సు రద్దయింది. పాత కేసు మళ్ళీ తెరుస్తారో లేదో నాకు తెలియదు. అతను బస్టాండుకు టీకి వస్తే ఎవరూ పక్కకు తప్పుకోవడం లేదని మాత్రం హెడ్ కానిస్టేబులు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. ఆ పూట నాకు కొంచెం నిద్ర పట్టింది.

ఈ సాయంత్రం వీధిలో పెళ్ళి మెరవణి పోయింది. నాదస్వరం దగ్గరికొచ్చింది. అలవాటు కొద్దీ, మధ్యలో పేలుడు కోసం ఒళ్ళు బిగబట్టుకున్నాను. పేలుడు రాలేదు. పాట మలుపు తిరిగి, ఇంకా సాగుతూనే ఉంది. హెడ్ కానిస్టేబులు తాళం చేతిలో పట్టుకుని గడపలో నిలబడి అది దూరమయ్యేదాకా విన్నాడు. తర్వాత దీపం ఆర్పేసి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.