క్లచ్ వెతికిన కాలు

శ్యామ్‌సుందర్‌కి ఎక్సెల్ షీట్ మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఐర్లండ్ వెళ్దామని జనవరిలో అనుకుంటే, ఫిబ్రవరికల్లా షీట్ తయారైంది. ఆగస్టులో ఎనిమిది రోజులు. గాల్వే అనే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకుని, రోజుకో దిక్కుకి కారులో వెళ్ళి, పొద్దుపోయేలోగా తిరిగి రావాలి. ఒకరోజు మోహర్ కొండచరియలు, ఒకరోజు కొనెమారా, ఇంకోరోజు బరెన్ రాళ్ళ నేల. ఎక్కడ కాఫీ తాగాలి, ఎక్కడ కారు ఆపాలి, వాన పడితే ఎటు వెళ్ళాలి, పడకపోతే ఎటు వెళ్ళాలి, అన్నీ పద్నాలుగు కాలమ్స్‌లో సర్దిపెట్టాడు. ఆ షీట్ ప్రింటు నాలుగు నెలలుగా డాలస్ పక్కన కాపెల్‌లో ఉన్న వాళ్ళింటి ఫ్రిజ్ మీద వేలాడుతోంది.

జూన్‌లో ఒక శనివారం ఉదయం, కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన కూతురు హంసిక పెసరట్టు తింటూ కారు బుకింగ్ కాగితం చేతిలోకి తీసుకుంది.

“డాడ్, ఇది స్టిక్ షిఫ్ట్.”

“ఏది?”

“నువ్వు బుక్ చేసిన కార్. మాన్యువల్ అని ఉంది. క్లచ్ తొక్కి గేర్ మార్చాలి. నీకు అది రాదు కదా?”

శ్యామ్‌సుందర్ కాగితం లాక్కుని చూశాడు. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పద్నాలుగు కాలమ్స్‌లో ఈ ఒక్క సంగతికే కాలమ్ లేదు. ఎందుకుంటుంది? ఇండియాలో ఉన్నన్నాళ్ళూ స్కూటర్ తప్ప మరోటి ముట్టుకున్నవాడు కాదు. తొంభై ఎనిమిదిలో డాలస్‌లో దిగి కారు నేర్చుకున్నాడు. తనంతట తనే గేర్లు మార్చుకునే కారు. అద్దె కారంటే అదే వస్తుందనుకున్నాడు.

ఫోన్ తీసి వెతికాడు. ఆ వారానికి ఆటోమేటిక్ కార్లన్నీ అయిపోయాయట. ఇంకో కంపెనీ చూశాడు, అక్కడా లేవు. ఆరు కంపెనీలు చూశాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, “ఇంకేముంది, అందరితోపాటు టూరిస్టు బస్సెక్కడమే. వాళ్ళు ఆపినచోట దిగడం, ఈలవేస్తే ఎక్కడం,” అన్నాడు. ఆ మాట అంటుంటే మొహంలో చావు కళ వచ్చింది.

స్టవ్ దగ్గర అట్టు తిరగేస్తున్న శశికళ వెనక్కి తిరక్కుండానే, “ఉన్న కారే ఉంచండి. నేను నడుపుతాను,” అంది.

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు.

నవ్వరూ మరి! శశికళ డ్రైవింగ్ కథ తెలియని తెలుగువాడు కాపెల్‌లో లేడు. తలా ఒక వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్ విందులోనైనా భోజనాలయ్యాక ఎవరో ఒకరు “అన్నా, ఆ బ్రేకు కథ చెప్పన్నా” అంటారు. శ్యామ్‌సుందర్ గొంతు సవరించుకుంటాడు. రెండువేల ఒకటిలో, కొత్త పెళ్ళాం. ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్, దాని వెనక మూతబడ్డ దుకాణం తాలూకు ఖాళీ పార్కింగ్ స్థలం. అక్కడ భార్యకు డ్రైవింగ్ నేర్పుతున్నాడు. మూడోరోజు, “మెల్లగా ఆపు” అన్నాడో లేదో, ఆవిడ బ్రేకు మీద ఒక్క తొక్కు తొక్కింది. తన నుదురు వెళ్ళి డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంది. వారం రోజులు బొప్పి. ఇక్కడ నుదురు మీద వేలు పెట్టి చూపిస్తాడు. తర్వాత ఆఖరి మాట: “మా మామగారెవరనుకున్నారు? చీరాలలో డ్రైవింగ్ స్కూల్ కోటయ్య గారు! ఊరందరికీ కారు నేర్పిన మనిషి. కూతురికి మాత్రం బ్రేకేదో తెలీదు. దీపం కింద చీకటంటే ఇదే!” ఇల్లు ఎగిరిపోయేలా నవ్వుతారు. శశికళ కూడా నవ్వి, గారెల పళ్ళెం అందరికీ తిప్పుతుంది.

అందుకే ఇప్పుడు నవ్వారు. శశికళ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగింది.

“నేను కారు నేర్చుకుంది మీ దగ్గర కాదండీ. పద్దెనిమిదో ఏట మా నాన్న దగ్గర. ఐదేళ్ళు మా స్కూల్లో ఆడవాళ్ళ బ్యాచ్ మొత్తం నేనే చూసుకున్నాను. పొద్దున ఆరింటికి అంబాసిడర్ తీస్తే, ఎండెక్కేసరికి ఎనిమిది మందికి నేర్పేదాన్ని.”

హంసిక చేతిలోని ముక్క చేతిలోనే ఉండిపోయింది. “మామ్! వాట్?” అంది.

శ్యామ్‌సుందర్ నోట వచ్చిన మాట ఎంత పాతదో చూడండి. “పెళ్ళిచూపుల్లో మా అమ్మ అడిగింది కదా! పిల్ల కూడా కార్లు తోలుతుందా అని. మీ నాన్న ‘అబ్బే, స్టీరింగ్ ముట్టుకోదండీ’ అన్నారు. నేనక్కడే ఉన్నాను. కాజా తింటున్నాను.”

“ముందురోజు పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి చెప్పాడు. కార్లు తోలే పిల్లంటే ఏ అత్తగారూ గడప తొక్కనివ్వదు, ఆ సంగతి ఎత్తొద్దని. మా నాన్న పుట్టి బుద్ధెరిగి ఆడిన అబద్ధం అదొక్కటే.”

పాతికేళ్ళు. ఆవిడకి వంకాయలో అల్లం పడదని తెలుసు. వేపుడు అడుగంటితే ఎవరిమీద విసుక్కుంటుందో తెలుసు. ఇది తెలీదు. డ్రైవింగ్ స్కూల్ యజమాని కూతురికి డ్రైవింగ్ వచ్చేమోనని పాతికేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అనుమానం రాలేదు. అంతకంటే ఎక్కువ దడ పుట్టించింది ఇంకోటి ఉంది. ఇది నిజమైతే, వందసార్లు చెప్పిన ఆ బ్రేకు కథ ఏమవుతుంది? ఆ కథలో తను ఎవరవుతాడు?

“నమ్మను,” అన్నాడు మొండిగా. “నడిపి చూపించు.”

పక్కింటి వినీత్ దగ్గర తొంభై ఆరు మోడల్ ఎర్ర స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, క్లచ్ ఉన్న కారు. ప్రతి ఆదివారం దాన్ని తనే కడుగుతాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. మర్నాడు ఉదయం తాళం చేతిలో పెడుతూ, “ఆంటీ నడుపుతుందా? అంకుల్, ఆ బ్రేకు కథ...” అని నసిగాడు. చివరికి ఇచ్చాడు, పిల్లాణ్ణి మొదటిరోజు బడికి పంపే తల్లిలాగా గుమ్మంలోనే నిలబడ్డాడు.

శశికళ కూర్చోగానే చెప్పులు విప్పి పక్కన పెట్టింది. సీటు ముందుకు జరిపింది. అద్దం సర్దింది. గేరు రాడ్‌ని అటూ ఇటూ ఆడించి చూసింది. “సీటు, అద్దం, న్యూట్రల్,” అని తనలో తనే అనుకుంది. అది ఆవిడ గొంతులా లేదు. ఎవరో పెద్దాయన చెబితే పిల్ల అప్పజెప్పినట్టుంది. తాళం తిప్పింది. ఒక్క కుదుపు లేదు. మొదటి గేరు, రెండు, మూడు. వీధి చివర ఆగి, మళ్ళీ కదిలింది. శ్యామ్‌సుందర్ రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నాడు, భయంతో కాదు. పక్కనున్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టుంది.

“చేతులు తారుమారయ్యాయి గానీ కాళ్ళు అవే,” అంది శశికళ. “ఐర్లండ్‌లో ఆ ఇబ్బంది కూడా లేదు. మన చీరాలలాగే రోడ్డుకి ఎడమపక్క, ఎడమ చేతికి గేరు. ఇక్కడెక్కడైనా ఎత్తు ఉందాండీ?”

కాపెల్‌లో ఎత్తెక్కడిది, అట్లపెనంలా చదునైన ఊరు. ఆస్పత్రి పక్క పార్కింగ్ గ్యారేజీ గుర్తొచ్చింది. ఆదివారం కదా, ఖాళీగా ఉంది. శశికళ ర్యాంప్ సగం ఎక్కి ఆపింది. హ్యాండ్ బ్రేకు వేసి, దించి, కారుని ముందుకు తీసింది. అంగుళం కూడా వెనక్కి జారలేదు. “నాన్న డ్యాష్‌బోర్డు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టేవాడు. ఎత్తు మీద ఆపి తీస్తే తొణక్కూడదు. తొణికితే మళ్ళీ మొదట్నుంచి.”

పై అంతస్తులో, ఎండలో కారు ఆపింది. శ్యామ్‌సుందర్‌కి అడగాలని ఉంది, అడగాలంటే భయం.

“మరి ఆ రోజు... ఇర్వింగ్‌లో. బ్రేకు.”

“అది ఎడమ కాలండీ.”

“అంటే?”

“ఆపాలంటే ముందు ఎడమ కాలు క్లచ్ మీదకి పోవాలి. ఐదేళ్ళ అలవాటు. మీరు ఆపమనగానే నా కాలు క్లచ్ కోసం వెతికింది. అక్కడ క్లచ్ లేదు, ఇంత వెడల్పు బ్రేకుంది. తొక్కేసింది. డ్రైవింగ్ రాక కాదు. వచ్చి.”

శ్యామ్‌సుందర్ చెయ్యి దానంతటదే నుదుటి మీదకి పోయింది. ఇరవై నాలుగేళ్ళుగా జనానికి వేలుపెట్టి చూపిస్తున్న చోటు. అవమానం ముందొచ్చింది, దాని వెనకే కోపం. “అప్పుడే చెప్పొచ్చు కదా! నన్ను వెధవని చేసి, రోజూ క్లచ్ లేని కార్లో ఓనమాలు దిద్దించుకున్నావా? ఎందుకూ?”

“అప్పుడు మీరెలా ఉన్నారో గుర్తుందా?”

శ్యామ్‌సుందర్ తలెత్తి చూశాడు.

“ఉద్యోగం పోయింది. అట్టపెట్టె పట్టుకుని ఇంటికొచ్చారు. పదిరోజులు గడ్డం గీసుకోలేదు, కార్పెట్ మీంచి లేవలేదు, ఎవరు ఫోన్ చేసినా తీయలేదు. వీసా గడువు దగ్గరపడుతోంది. ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. వచ్చి మూణ్ణెల్లే అయింది, ఆ ఊళ్ళో నాకు మనుషులెవరు? పదకొండోరోజు, ‘నాకు కారు నేర్పండి’ అన్నాను. లేచారు. గడ్డం గీసుకున్నారు. నా మీద అరిచారు. పదిరోజుల తర్వాత మీ గొంతు విన్నాను. అరిచినా బాగానే ఉంది.”

అతని లెక్కలో అది, భార్య పోరు పడలేక నేర్పిన డ్రైవింగ్. మంచంలేని ఇంట్లో కార్పెట్ మీద పడుకున్న తనని ఎవరో చెయ్యి పట్టుకుని లేపారని అతనికి ఇవాళే తెలిసింది. ఎండ కళ్ళలో పడుతున్నా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

“పాట్‌లక్‌లో అందరూ నవ్వుతుంటే...” అన్నాడు చివరికి.

“నన్ను చూసి నవ్వితే నాకేం లేదండీ. నాన్న పేరు కలిపేవారు చూశారూ, అక్కడ మాత్రం మనసు చివుక్కుమనేది.” “ఆయన మనింటికి వచ్చినప్పుడు, మీరు ఆయన ఎదురుగానే ఆ కథ చెప్పారు. గుర్తుందా?”

గుర్తుంది. రెండువేల పదకొండు. ఇంటి నిండా జనం. కోటయ్య గారు సోఫాలో తెల్ల పంచెలో కూర్చున్నారు. దీపం కింద చీకటి అనగానే అందరూ ఆయన వైపు తిరిగి నవ్వారు, ఆయనా నవ్వారు. మామగారు భలే కలుపుగోలు మనిషని ఆ రోజు శ్యామ్‌సుందర్ మురిసిపోయాడు.

“నవ్వాడు. ఏమంటాడు పాపం, పెళ్ళిచూపుల్లో ఆడిన అబద్ధం. అందరూ చేతులు కడుక్కుంటుంటే నా దగ్గరికొచ్చి ఒక్క మాట అడిగాడు. ‘ఎడమ కాలేనా అమ్మా?’ అని. అవునన్నాను. ‘అంతేలే. నా పిల్ల బ్రేకు మర్చిపోదు’ అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, పోయేదాకా.”

ఆ ముసలాయన కథ వినగానే పట్టేశాడు, కారు చూడకుండా, కాలు చూడకుండా. పక్క సీట్లో కూర్చున్న తను, నుదురు వాచినవాడు, ఒక్కసారి కిందకి చూడలేదు. క్షమించమని అడగడానికి ఆయన లేరు. తను ఏడుస్తున్నట్టు శ్యామ్‌సుందర్‌కే ఆలస్యంగా తెలిసింది.

శశికళ దిగి ఇటు వచ్చి తలుపు తీసింది. “లెండి. మీరటు కూర్చోండి. ఐర్లండ్‌లో మీకూ అవసరమవుతుంది.”

శ్యామ్‌సుందర్ మొదటిసారి క్లచ్ వదిలితే కారు గుర్రుమని చచ్చిపోయింది. రెండోసారీ అంతే. ఐదోసారి ఎగిరి దూకి ఆగిపోయింది. అతను భుజాలు బిగబట్టుకుని తిట్టు కోసం ఎదురుచూశాడు. ఆనాటి ఇర్వింగ్ ఖాళీ స్థలంలో తనైతే ఈపాటికి మూడు వీధులకి వినపడేలా అరిచి ఉండేవాడు. శశికళ గొంతు పెంచలేదు. “ఏం కాదు, అందరికీ ఆగుతుంది. సీటు, అద్దం, న్యూట్రల్. మళ్ళీ మొదట్నుంచి,” అంది.

తాళం తిరిగిచ్చి ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచాడు. ఐర్లండ్ కారు బుకింగ్‌లో తన పేరు తీసేసి, మెయిన్ డ్రైవర్ దగ్గర శశికళ అని రాశాడు. కింద ఇంకో గడి ఉంది. ఎన్నేళ్ళుగా నడుపుతున్నారు? అలవాటుగా ఇరవై నాలుగు అని కొట్టాడు. వెనక నిలబడ్డ శశికళ చెయ్యి చాపి, అది చెరిపేసి, ముప్ఫై అని కొట్టింది.

శ్యామ్‌సుందర్ ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. పేజీ కిందికీ పైకీ జరిపాడు.

“నేర్పిందెవరని అడగలేదా ఇందులో?”

“అద్దె కారు వాళ్ళకి అదెందుకండీ?”

“అడిగుంటే, కోటయ్య గారని రాసేవాణ్ని,” అన్నాడు.