పెళ్లికార్డు మీద ఎంఏ

గుడివాడలో నా ప్రెస్సుకు జేమ్స్‌గారు కూతురి పెళ్లికార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చారు. వరుడి పేరు పక్కన ఎంటెక్ ఉంది. వధువు కృపాకుమారి పేరు పక్కన ఎంఏ, ఆపైన బ్రాకెట్లో తెలుగు అని ఉంది.

"ఎంఏ ఉంచి, తెలుగు తీసేయండి గోవర్ధనరావుగారూ. అబ్బాయి తరఫువాళ్లు చులకనగా చూస్తారు," అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. లేని డిగ్రీలు వేయమన్న తండ్రుల్ని చాలామందిని చూశాను గానీ, ఉన్నది దాచమన్న తండ్రిని ఎప్పుడూ చూడలేదు.

"కూర్చోండి, ఒకటి చదువుతాను," అన్నాను.

మొన్నటి వరదకు దివిసీమ లంకలో మా అక్క రావమ్మ ఇల్లూ గేదే పోయాయి. సాయం కోసం ఆమె కొడుకు రాసిన అర్జీకి ఉలుకూ పలుకూ లేదు. వాడు ఇంజినీరు. చర్చి తరఫున బియ్యం పంచడానికి అక్కడికి వెళ్లిన కృపాకుమారి, మా అక్క పక్కన కూర్చుని, ఆమె చెప్పిందంతా విని ఆ అర్జీని మళ్లీ రాసింది. దాని నకలు సొరుగులోంచి తీసి చదివాను.

"మా గేదె మూడు రోజులు నీళ్లలో నిలబడి నాలుగోరోజు పడిపోయింది. దాన్ని పాతిపెట్టడానికి మాకు పొడినేల లేదు."

"మీ అమ్మాయి రాసిన ఈ అర్జీ చదివిన ఆఫీసరు ఆ పూటే పడవెక్కి మా అక్క దగ్గరికి వచ్చాడండీ. ఇలా రాయడం ఊరికే వస్తుందా?" అన్నాను.

జేమ్స్‌గారు ఆ కాగితం తీసుకుని తనలో తాను మరోసారి చదువుకున్నారు. తర్వాత ప్రూఫు నా ముందుకు జరిపారు.

"తెలుగు ఉంచండి. ఆ బ్రాకెట్లు తీసేయండి."