పెద్ద పరీక్ష మళ్లీ రాయాలా?

ఇంట్లో ఆఖరుది కాబట్టి నలభై దాటినా ఆమె అందరికీ చిన్నమ్మాయే. ఒక ఆసుపత్రిలో నెట్‌వర్క్ ఇంజనీరు. ఆ రంగంలో అన్నిటికన్నా పెద్ద సర్టిఫికెట్ కోసం మూడేళ్లు చదివి, పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా సాగే ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. మళ్లీ రాయాలో వద్దో తేల్చుకోలేక ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్లింది. ఒకప్పుడు అదే పరీక్ష మొదటిసారే పాసై, ఆమెను ఇందులోకి దించింది బావే మరి.

బావ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కంపెనీ సొంత యంత్రాలన్నీ తీసేసి, ఇంటర్నెట్‌లో అద్దెకి దొరికే క్లౌడ్‌కి మారాక ఆయన పెద్ద ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఒక చిన్న సంస్థలో, తనకన్నా బాగా చిన్నవాడి కింద పని. ఒకప్పుడు ఆయన రాత్రింబవళ్లు ప్రాక్టీసు చేసిన రౌటర్ల పెట్టెల మీద అక్క చెప్పులు పేర్చుకుంది.

"మళ్లీ రాయమంటారా బావా?"

"దేనికి?" అన్నాడాయన, తలెత్తకుండానే.

"అదేం ప్రశ్న! నాలుగు మెట్లు పైకెక్కడానికి."

"అందుకైతే వద్దమ్మాయ్. నేను పాసైనప్పుడు కంపెనీలు వెంటపడేవి. మొన్న ఇంటర్వ్యూలో ఆ కాగితం పక్కన పెట్టేసి, ప్రోగ్రాములు రాయడం వచ్చా అని అడిగారు. రాదని చెప్పి లేచొచ్చాను."

ఆమెకి ఒళ్లు మండింది. "ఈ ముక్క మూడేళ్ల కిందట చెప్పొచ్చుగా? నిద్ర మానుకుని చదివాను!"

"అప్పటికి నాకు మాత్రం తెలిస్తే కదా!"

వంటింట్లోంచి అక్క అందుకుంది: "మీ ఆయన ఫోన్ చేశాడే. 'వదినా, మా ఆవిడ మీకేమైనా కనబడుతోందా, ఇంట్లోనైతే జాడ లేదు' అన్నాడు."

బావ నవ్వబోయి, మరదలి మొహం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు ఆమె తన మేనేజరు దగ్గరికి వెళ్లి, "నన్ను క్లౌడ్ టీములో వెయ్యండి సార్" అంది.

"వేద్దాం. దానికి సర్టిఫికెట్ ఉందా మీకు?"

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూలబడి బావకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"మళ్లీ పరీక్షేనా!" అన్నాడాయన. "ఎంత పెద్దదేంటి?"

"అన్నిటికన్నా చిన్నది. కాలేజీ పిల్లలు రాసేది."

అవతల బావ పగలబడి నవ్వాడు. ఆమెకీ నవ్వు తన్నుకొచ్చింది, దాని వెనకే కళ్లనీళ్లూ వచ్చాయి.

పెద్ద పరీక్ష జోలికి మళ్లీ పోలేదు. ఆ చిన్నది రాసి పాసై, కొత్త టీములో అందరికన్నా పెద్ద వయసుతో, అందరికన్నా చిన్న హోదాలో చేరింది. చదివిందంతా వృథా ఏమీ పోలేదు. డేటా ఎక్కడైనా ఆగిపోతే ముందు ఎటు చూడాలో ఆమెకి ఇట్టే తడుతుంది. అంతమాత్రానికి మూడేళ్లు కావాలా అంటే, ఏమో, ఆమెకే తెలీదు.

చదవాల్సిందేమీ లేని మొదటి ఆదివారం, భర్త పక్కన సినిమా చూద్దామని కూర్చుంది. పేర్లు పడుతుండగానే నిద్రపోయింది. ఆయన టీవీ గొంతు తగ్గించి, ఆమెను లేపకుండా సినిమా చివరిదాకా ఒక్కడే చూశాడు.