తడి బూడిద వాళ్ళ పదకొండు నిమిషాలు

మూడున్నరకి, రేడియోలో మిషన్లు చూసుకునే మావయ్య ఆ పాత టేపు చుట్టని అట్టపెట్టెలోంచి బయటికి తీశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, దాని అంచుని వేలితో తడిమి చూసి, “దీన్ని ఎటునుంచి ఎక్కించావమ్మా?” అని అడిగాడు. కార్యక్రమానికి ఇంకా అరగంట ఉంది. మైకుకి కొత్త తొడుగు వేస్తున్న గుడ్లగూబ, ఎటునుంచి ఏమిటి, చుట్టకి కొస ఎటు కనిపిస్తే అటునుంచే కదా అంది.

గుడ్లగూబ అన్నది ఆమెకి శ్రోతలు పెట్టిన పేరు. వారమంతా కళ్ళద్దాల షాపు వెనక గదిలో కూర్చుని, ఫ్రేములకి సరిపడేలా అద్దాలు అరగదీస్తుంది. శనివారం నాలుగు నుంచి ఐదు దాకా మాత్రం ఈ చిన్న ఇంటర్నెట్ రేడియోలో రాణి. ఆమె వినిపించేదంతా చావూ చీకటీ నిండిన సంగీతం. గోతిక్, డార్క్‌వేవ్, సింఫోనిక్ మెటల్, ఏదైనా సరే, పేరున్న బ్యాండంటే ఆమెకి మొహం మొత్తుతుంది. ఒక బ్యాండు నలుగురి నోళ్ళలో పడిందంటే దాని ముచ్చట ఆమెకి అక్కడితో సరి. మంచు కురిసే ఏదో ఊళ్ళో ముగ్గురు పళ్ళ డాక్టర్లు ఆర్గన్ ముందు కూర్చుని చావు పాటలు పాడుకుంటారు. ఇంకెక్కడో రేవులో క్రేను నడిపే ఆవిడ కుట్టుమిషను లాంటి డ్రమ్ముల మీద గొంతు నులిమినట్టు పాడుతుంది. ఒక చోటైతే రిటైరైన టీచర్లు నలభైమంది కోరస్‌గా నిలబడితే వెనక గిటార్లు ఉరుముతాయి. వీళ్ళందరినీ వెతికి పట్టుకుంది ఈమే. శ్రోతలు పదకొండు దేశాల్లో ఉన్నారు. అందరినీ కలిపి ఎక్కించినా ఒక బస్సు నిండదు. కానీ ఆ బస్సులో వాళ్ళకి ఈమె చెప్పిందే వేదం.

అలాంటి మనిషికి ఆరునెలల కిందట తడి బూడిద అనే బ్యాండు దొరికింది. మూతబడ్డ ఒక రికార్డింగ్ స్టూడియో వాళ్ళు పాత సామానంతా రేడియోకి ఇచ్చేస్తే, అందులో ఒక పెట్టె మీద పెన్సిలుతో ఆ పేరు మాత్రం ఉంది. కంటి ఆపరేషన్ చేయించుకుని మావయ్య సెలవులో ఉన్న వారం అది. ఆగుదామంటే ఆమె మనసు ఆగలేదు. తనే టేపు మిషను మీదకెక్కించి, కంప్యూటర్లోకి దింపుకుని, పదకొండు నిమిషాలు ఊపిరి బిగబట్టి విన్నది. ముందు ఎవరో మగమనిషి గుసగుస. తర్వాత లోపలికి పీల్చుకుంటున్నట్టు కీబోర్డు. దాని మీద ఒక ఆడగొంతు, ఏ దేశానికీ చెందని మాటలు. సొంతంగా ఒక భాషే కల్పించుకున్నారు వీళ్ళు అనుకుంది. అనుకుని ఊరుకుంటే బాగుండేది. ఆ భాష గురించి నాలుగు పేజీల వ్యాసం రాసింది. మొదట్లో వచ్చే గుసగుస మంత్రమా, శాపమా అని పదకొండు దేశాల వాళ్ళు వాదించుకున్నారు. టేపు చివర అతికించి ఉన్న ఎర్ర ముక్కని ఈమె నెత్తురుకి గుర్తు అనుకుని, ఫోటో తీసి కార్యక్రమానికి బొమ్మగా పెట్టుకుంది. పరదేశంలో ఒక చిన్న కంపెనీ ఈ పాటని డిస్కుగా వేస్తోంది. వ్యాసం దాని అట్ట మీదికి వెళ్తోంది.

మావయ్య ఆ ఎర్ర ముక్కనే గోటితో చూపించాడు. ఆయన పాతికేళ్ళు స్టూడియోల్లో పనిచేసి వచ్చినవాడు. పాట రికార్డయ్యాక టేపుని వెనక్కి చుట్టకుండా అలాగే దాచేవాళ్ళట. అలా అయితే ఒక పొర మీది శబ్దం పక్క పొరకి అంటుకున్నా అంతగా వినపడదు. అలా దాచిన చుట్టకి పాట చివర పైకి ఉంటుంది. అది మర్చిపోకుండా ఉండడానికి ఎర్ర ముక్క అతికిస్తారు. ముందు వెనక్కి చుట్టుకుని, ఆ తర్వాతే వినాలి. స్టూడియోలో టీలు అందించేవాడికి కూడా తెలిసిన సంగతి ఇది.

“అంటే?” అంది ఆమె, అప్పటికే అర్థమైపోయి.

“అంటే నువ్వు పాటని తోక పట్టుకుని లాగావమ్మా. వెనకనుంచి ముందుకి విన్నావు.”

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది ఆమెకి. ఇంకొకళ్ళయితే రెండు క్షణాల్లో పట్టేసేవాళ్ళు. సినిమా పాటలు వినేవాడెవడైనా ఇదేదో తిరగబడిందని నవ్వి లేచిపోయేవాడు. వింతగా ఉన్న ప్రతిదాన్నీ గొప్పగా వినడానికి ఇరవయ్యేళ్ళుగా చెవులు సానబెట్టుకున్న మనిషి కాబట్టే ఇందులో పడింది. ఆ బస్సులో వాళ్ళందరూ ఆమె వెనకే పడ్డారు.

ఇదొక్కటే అయితే పరువుతో పోయేది. కానీ ఆ పాట పాడినావిడ ఇంకో పావుగంటలో వస్తోంది. ఆవిడ ఆస్పత్రి కుట్టు గదిలో పని చేస్తుంది, చిరిగిన దుప్పట్లు, డాక్టర్ల కోట్లు బాగుచేస్తుంది. గుడ్లగూబ కార్యక్రమం వినే నర్సు ఒకామె మాటల్లో తడి బూడిద పేరెత్తితే, ఈవిడ కత్తెర కింద పెట్టి, అది మాదే అందట. పోయిన వారం ఫోన్ చేసింది. తానూ తమ్ముడూ కలిసి పాడుకున్నారని, పాట కట్టిందీ కీబోర్డు వాయించిందీ తమ్ముడేనని, ఆ పాట తను ఇంతవరకూ వినలేదని చెప్పింది. ఆ రోజు పాట అయిపోయాక, ఇంకా టేపు తిరుగుతుండగా, అద్దం అవతలినుంచి తమ్ముడు తన మైకులో ఏదో అన్నాడు. ఈవిడ అప్పటికే చెవులకి పెట్టుకున్నది తీసేసింది. ఏమన్నావురా అని అడిగితే, టేపులో ఉందిలే, విందువుగాని అన్నాడు. ఆ వారమే అతనికి జ్వరం తగిలింది. మళ్ళీ లేవలేదు. టేపు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. వాడేమన్నాడో వినడానికే వస్తున్నాను, నాకు మిగతాదేమీ అక్కర్లేదు అని చెప్పి పెట్టేసింది ఫోను.

గుడ్లగూబ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక్క మీట నొక్కితే పాట తిరగబడుతుంది. నొక్కింది. మామూలు పాటే. ‘మేడ మెట్ల మీద తడి అడుగులు, ఎవరో దిగుతున్నారు, దీపం ఆర్పకు’, అంతే. సొంత భాషా లేదు, గాడిదగుడ్డూ లేదు. మనందరం మాట్లాడుకునే మాటలే. పాట బాగుంది, ఆమెకి ఏడుపు కూడా వచ్చింది, కానీ మూడో చరణంనుంచి పాడే పిల్ల పరిగెడుతోంది. పాపం కీబోర్డు ఆమె వెంట పడలేక రొప్పుతోంది. చివర్న నిశ్శబ్దం. ఆ తర్వాత మంత్రమో శాపమో అని అందరూ కొట్టుకు చచ్చిన ఆ గుసగుస.

“మళ్ళీ తొందరపడ్డావక్కా. ఇది చెరిపేద్దాం. రేపు ఇంకోసారి పాడదాం.”

గుడ్లగూబ చెవులనుంచి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఈ మాట ఎలా వినిపించడం? వినిపించకపోతే ఆవిడ వస్తున్నదే దానికి. వినిపిస్తే తన నాలుగు పేజీలూ, డిస్కూ, బస్సూ అన్నీ గంగలో కలిసినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయితే ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఆ క్షణంలో ఆమె ఎక్కువ భయపడింది ఆవిడ గురించి కాదు, తన గురించే. ఆవిడ బాధపడుతుందేమో అన్న సాకు చేతికి దొరికేసరికి దాన్ని గట్టిగా పట్టుకుంది.

మిషను బాగాలేదని చెబుదాం మావయ్యా అంది. మావయ్య కళ్ళద్దాలు దింపుకుని, టేపు చుట్ట పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

పావుతక్కువ నాలుక్కి ఆ పాట పాడిన పెద్దావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి, పొట్టి మనిషి. జాకెట్టుకి వరసగా గుచ్చిన గుండుసూదులు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. ఇంత చిన్న గదా అని చుట్టూ చూసి, మా స్టూడియో ఇంకా చిన్నది, ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలితే అద్దానికి ఆవిరి పట్టేది అని నవ్వింది. గుడ్లగూబ ఆవిడ మొహం చూడకుండా, ఇవాళ టేపు మిషను మొరాయించిందమ్మా, మాట్లాడుకోవడం మటుకే అవుతుంది అని చెప్పేసింది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది అతికినట్టే వచ్చింది, అందుకే ఆమెకి ఇంకా వెగటేసింది.

పెద్దావిడ సంచీలోంచి మడిచిన సెలవు కాగితం ఒకటి తీసి, దాని వెనక రాసుకోవడానికి పెన్ను అడిగింది.

“మళ్ళీ ఏ రోజు రమ్మంటావమ్మాయ్? మా గదిలో ముందుగా చెప్తే తప్ప సెలవివ్వరు.”

వచ్చే వారం చెబుతానంది గుడ్లగూబ. ఆవిడ సరేనని, ‘వచ్చే వారం’ అని కాగితం మీద రాసుకుంది. ఆ రాత నిదానంగా, స్కూలు పిల్ల రాసినట్టు ఉంది. రాసుకున్నదాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుని మడిచి పెట్టుకుంది.

నాలుగయింది. ఎర్ర దీపం వెలిగింది. అద్దం అవతల మావయ్య చెయ్యి పైకెత్తాడు. గుడ్లగూబ తన మామూలు గొంతుతో పలకరింపులు మొదలుపెట్టింది. తెర మీద సందేశాలు జలజలా పడుతున్నాయి. మంచు ఊరినుంచి, రేవు ఊరినుంచి, ఎవరెవరో ఆ గుసగుస అర్థమేమిటో ఆవిడనే అడగమంటున్నారు. ఆమె తెరని పక్కకి తిప్పేసింది. అలవాటు ప్రకారం రెండు పాటలు వేశాక, మొదటి ప్రశ్నగా, ఇన్నేళ్ళ తర్వాత మీ పాట ఇన్ని దేశాల్లో వింటున్నారంటే ఎలా ఉందని అడిగింది. ఎవరైనా అడిగే చచ్చు ప్రశ్న.

పెద్దావిడ మైకుకి మరీ దగ్గరగా జరిగి చెప్పింది. తన తమ్ముడు పోయినప్పుడు వాడికి ఇరవై రెండేళ్ళు. వాడి బట్టలు ఎవరికో ఇచ్చేశారు, కీబోర్డు అద్దెది, వాళ్ళే పట్టుకుపోయారు. వాడు ఉన్నాడనడానికి తన మాట తప్ప రుజువు లేదు. “ఈ అమ్మాయి ఎవరో ఏమో. చెత్తలోంచి మా వాడిని ఏరి తెచ్చింది. పాటని జాగ్రత్తగా విన్నది. అంత జాగ్రత్తగా నేను కూడా వాడి మాట వినలేదు.”

గుడ్లగూబ బల్ల అంచు పట్టుకుంది. కొన్ని పొగడ్తలు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతాయి. రెండు క్షణాలు, మూడు, నాలుగు. రేడియోలో నాలుగు క్షణాల మౌనమంటే మాటలు కాదు. మావయ్య చెయ్యి మీట మీదికి వెళ్ళి ఆగింది.

“నేను జాగ్రత్తగా వినలేదండీ,” అంది ఆమె. “టేపు తిరగేసి ఎక్కించాను. ఆరునెలలుగా అందరికీ వెనకనుంచి ముందుకి వినిపించాను. నాకు తెలిసి గంట కావస్తోంది. మిషను పాడవలేదు. ఇందాక మీకు చెప్పింది అబద్ధం.”

తెర పక్కకి తిప్పి ఉన్నా దాని వెలుగు ఒక్కసారిగా గబగబా మారడం ఆమెకి కనిపిస్తూనే ఉంది. అటు చూడలేదు. పెద్దావిడ కోప్పడలేదు, ఓదార్చలేదు. వాడి మాట ఉందా లేదా అని మాత్రం అడిగింది. ఉందని తలూపి, అది మీరనుకున్నట్టు ఉండకపోవచ్చండీ అంది గుడ్లగూబ. పెద్దావిడ చెయ్యి చాచి హెడ్‌ఫోన్లు తనే తీసుకుని పెట్టుకుంది.

గుడ్లగూబ అద్దం వైపు చూసింది. మావయ్య టేపుని ఎప్పుడో వెనక్కి చుట్టి, మొదటికి తెచ్చి మిషను మీద ఉంచాడు. ఎర్ర ముక్క ఇప్పుడు చుట్ట లోపలికి పోయింది. ఆయన మీట నొక్కాడు.

పదకొండు నిమిషాలు పెద్దావిడ కదల్లేదు. మూడో చరణం దగ్గర మాత్రం కనుబొమలు ముడిచింది. వేలితో బల్ల మీద తాళం వేయబోయి, పాడే పిల్ల అందకుండా ముందుకి పోతుంటే వేలు ఆపేసింది. పాట ఆగింది. టేపు తిరిగే సన్నటి సరసర తప్ప ఏమీ లేదు. అప్పుడు అతను మాట్లాడాడు. ఇరవై రెండేళ్ళ గొంతు, కొంచెం విసుగు, బోలెడు చనువు. మళ్ళీ తొందరపడ్డావక్కా. ఇది చెరిపేద్దాం. రేపు ఇంకోసారి పాడదాం.

టేపు చివరికొచ్చి చక్రం ఊరికే తిరుగుతోంది. గుడ్లగూబకి క్షమించమని అడగాలని ఉంది. పెద్దావిడ హెడ్‌ఫోన్లు తీయలేదు. ముందు పెదవుల చివర నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు.

“అవునురా, తొందరపడ్డాను,” అంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే. “ఇంటికి వెళ్ళి బియ్యం కడగాలని తొందర.”

తర్వాత గుడ్లగూబ వైపు తిరిగి, ఇది ఇంకా పనిచేస్తోందా అని మైకు చూపించింది. పనిచేస్తోందంది ఆమె. పెద్దావిడ జాకెట్టుకున్న గుండుసూదులన్నీ ఒక్కొక్కటే పీకి, బల్ల మీద వరసగా పెట్టి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది. మేడ మెట్ల మీద తడి అడుగులు. గొంతు బొంగురుపోయింది, పై స్థాయి అందడం లేదు. అందని చోట ఆగి, కింద స్థాయిలో అందుకుని, మెట్టు తర్వాత మెట్టు దిగింది. మధ్యమధ్య కీబోర్డు వచ్చే చోట నోరు మూసుకుని, అది వాయిస్తున్నంత సేపూ తల ఊపుతూ ఆగింది. అక్కడ రేడియోలో ఏమీ వినపడలేదు. మావయ్య ఆ మౌనాన్ని అలాగే వదిలేశాడు.

మూడో చరణం ఆమె ఎంత నిదానంగా పాడిందంటే, ఐదు గంటల వార్తలు చదివే ఆయన కాగితాలు చంకలో పెట్టుకుని తలుపు బయటికి వచ్చి నిలబడే వేళకి ఇంకా నాలుగోది మిగిలే ఉంది. ఆయన గడియారం చూసుకుని, తలుపు మీద చెయ్యి వేసి, తట్టకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.